మెల్లపరుగు పుట్టిన నగరం, దాని తీరపు దారి

‘జాగర్’ అనే మాట మీకు కొత్త కాదు. ఏ ఊరి ఉద్యానవనంలోనైనా తెల్లవారుజామున పది మంది జాగర్లు కనబడతారు. అయితే ఈ మాట వయస్సు ఎంతో ఊహించగలరా? 1962వ సంవత్సరం ఫిబ్రవరిలో న్యూజీలాండ్ హెరాల్డ్ అనే దినపత్రిక క్రీడల పుటలో ఒక చిన్న వార్త వచ్చింది. ఆక్లండ్ నగరంలో కొందరు మాజీ క్రీడాకారులు, ఆరోగ్యాభిలాషులు వారానికొకసారి కలుసుకొని, దేహదార్ఢ్యం కోసమూ, నలుగురితో కాలక్షేపం కోసమూ మెల్లగా పరుగెత్తాలని తలపెట్టారట. ఆ సంఘానికి ‘ఆక్లండ్ జాగర్స్ క్లబ్’ అని పేరు పెట్టవచ్చునని ఆ పత్రిక సూచించింది. మెల్లగా పరుగెత్తే మనిషికి ఆ పేరు అచ్చులో పడడం అదే మొదటిసారి అని భావిస్తారు. అంతకుముందు పరుగు పందెగాళ్ళదీ, సైనికులదీ, పిల్లలదీ. నలభై దాటి, పొట్ట పెరిగి, కుర్చీలో పనిచేసే మనిషి వీధిలో పరుగెత్తితే దొంగ వెంటపడ్డాడనో, రైలు తప్పిపోతున్నదనో అనుకొనేవారు.

మా అమ్మాయి కుటుంబం ఆక్లండ్‌లో స్థిరపడినందున ఆ నగరపు తీరాన ఉన్న టామకి డ్రైవ్ అనే దారిలో పలుమార్లు నడిచే అవకాశం నాకు కలిగింది. డెబ్బై దాటిన నా మోకాళ్ళు పరుగుకు ఒప్పుకోవు కనుక నడిచాను, నన్ను దాటిపోయేవారిని చూచాను, దారి పక్కన ఉన్న ఫలకాలు చదివాను. పరుగు వలన గుండెకు కలిగే మేలును గురించి ఎన్నో వ్యాసాలు మీరు చదివి ఉంటారు. ఈ వ్యాసంలో ఆ మేలుతో పాటు ఆ దారి చరిత్రను కూడా మీ ముందు ఉంచుతాను. ఎందుకంటే ఒక నగరవాసుల గుండెలను కాపాడిన ఆ చదునైన బాటే, దానికి పూర్వం అక్కడ వేసిన ఒక గొట్టంతో కలిసి, తీరాన నివసించిన మరొక జనసమూహపు ఆరోగ్యాన్ని హరించింది.

ముందుగా 1950లలో వైద్యులు గుండెను ఎలా చూచేవారో చెప్పాలి. హృద్ధమనిలో రక్తపు గడ్డ ఏర్పడి గుండెపోటు కలగడాన్ని 1912లో జేమ్స్ హెరిక్ అనే అమెరికా వైద్యుడు వివరించాడు. నిర్జీవమైన గుండె కండరం గట్టి మచ్చగా మారడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది కనుక, రోగి ఆరు వారాలు మంచం దిగరాదని తరువాతి తరాల వైద్యులు విధించారు. తర్కం చూడడానికి బాగానే ఉన్నది. కాని కదలక పడుకున్న మనిషి కాళ్ళ సిరలలో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తికి చేరితే ప్రాణం పోతుంది. గుండెపోటు నుండి బయటపడిన వాళ్ళను మంచం చంపిన సందర్భాలు తక్కువ కావు. 1952లో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లోన్ అనే ఇద్దరు వైద్యులు తమ రోగులను పెందలకడనే కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు సాటి వైద్యులలో చాలామంది దానిని దుస్సాహసంగా భావించారు. 1970లలో నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కూడా గుండెపోటు రోగి మూడు వారాలు పడుకొనే ఉండేవాడు. ఇంటికి పోయేటప్పుడు ‘బరువులు ఎత్తకు, మెట్లు ఎక్కకు, వేగంగా నడవకు’ అని నిషేధాల పట్టిక ఒకటి చేతికి ఇచ్చేవారు.

దీనికి ఎదురుగా మరొక సాక్ష్యం అప్పటికే లండన్‌లో తయారయింది. 1953లో జెరీ మారిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు రెండంతస్తుల బస్సులలో పనిచేసేవారిని పరిశీలించి లాన్సెట్‌లో ఫలితాలు ప్రకటించారు. రోజంతా కూర్చొని బండి నడిపే డ్రైవర్ల కంటే, మెట్లు ఎక్కుతూ దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు హృద్ధమని వ్యాధి తక్కువగా వచ్చింది, వచ్చినా అంత ప్రాణాంతకంగా రాలేదు. తరువాత ఆయన ఏకరూప దుస్తుల కొలతలు కూడా తెప్పించి చూచాడు. డ్రైవర్ల పంట్లాముల నడుము కొలత పెద్దది! అంటే ఉద్యోగంలో చేరేనాటికే ఇరువురి శరీరాలలో కొంత తేడా ఉన్నదన్నమాట. తన ఫలితాన్ని తానే అనుమానించి మరొకసారి పరీక్షించుకొన్న ఆ శాస్త్రవేత్త అంటే నాకు అమిత గౌరవం. ఆయన 99 సంవత్సరాలు జీవించాడు.

ఆక్లండ్‌లో ఈ పనికి పూనుకొన్నవాడు వైద్యుడు కాడు, చెప్పుల కర్మాగారంలో పనిచేసిన వ్యక్తి. పేరు ఆర్థర్ లిడియార్డ్. 1940ల నడుమ, ముప్పై ఏళ్ళు నిండకముందే, ఒక స్నేహితునితో ఐదు మైళ్ళు పరుగెత్తి, ఊపిరి అందక, తన శరీరం ఎంత చెడిపోయిందో గ్రహించాడట. ఆపై ఏళ్ళ తరబడి తన శరీరంపైనే ప్రయోగాలు చేసి, నెమ్మదిగా ఎక్కువ దూరం పరుగెత్తడం వలన ఓర్పు పెరుగుతుందని తేల్చుకొన్నాడు. ఆయన శిష్యులలో పీటర్ స్నెల్, మరీ హాల్బర్గ్ ఇద్దరూ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజున బంగారు పతకాలు గెలిచారు. బారీ మాగీ మారథాన్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ ఖ్యాతి వలన లిడియార్డ్ మాటకు విలువ వచ్చింది. పతకాలు తెచ్చిన పద్ధతినే వేగం తగ్గించి స్థూలకాయులైన వ్యాపారులకూ, గుండెజబ్బు వచ్చిన వారికీ ఆయన నేర్పాడు. ఆయన పెట్టిన నియమం మీరు కూడా గుర్తుంచుకోదగినది. పరుగెత్తుతూ పక్కవానితో మాట్లాడగలగాలి, మాట తెగితే వేగం తగ్గించాలి. నేటికీ వైద్యులు వాడే ‘మాట పరీక్ష’ ఇదే. దానికి పైసా ఖర్చు లేదు, పరికరం అక్కర లేదు.

1962 చివరలో అమెరికా నుండి బిల్ బవర్‌మన్ అనే పరుగు శిక్షకుడు తన జట్టుతో న్యూజీలాండ్‌కు వచ్చాడు. వయస్సు 51. ఒక ఆదివారం లిడియార్డ్ ఆయనను జాగర్లతో పాటు పరుగుకు పిలిచాడు. అందరికంటే వెనుకబడిన బవర్‌మన్ పక్కనే, డెబ్బై దాటి, గతంలో గుండెపోట్లు వచ్చి బ్రతికిన వృద్ధుడొకడు కబుర్లు చెబుతూ సాగాడు. బవర్‌మన్‌కు బదులు చెప్పడానికి ఊపిరి లేదు! కొన్ని వారాల అభ్యాసంతో నడుము సన్నబడి స్వదేశం చేరిన ఆయన, ఆరెగాన్ రాష్ట్రంలోని తన ఊరిలో జాగింగ్ తరగతులు మొదలుపెట్టాడు. వాల్డో హారిస్ అనే హృద్రోగ నిపుణుని సాయంతో 1967లో ‘జాగింగ్’ అనే పుస్తకం వెలువరించాడు. తరువాత నైకీగా మారిన చెప్పుల వ్యాపారం కూడా ఈయన, ఈయన శిష్యుడు కలిసి 1964లో స్థాపించినదే. ప్రపంచమంతటా వ్యాపించిన ఒక అలవాటు, దాని వెంట వచ్చిన పెద్ద వ్యాపారం, రెండింటికీ మూలం ఆ ఆదివారపు ఆయాసం అనడం అతిశయోక్తి కాదు.

ఇక దారిలోకి వద్దాం. నగర కేంద్రం నుండి సెయింట్ హెలియర్స్ అనే తీరం వరకు సముద్రాన్ని అంటిపెట్టుకొని టామకి డ్రైవ్ సాగుతుంది. 1972లో ఈ దారి మీద ‘రౌండ్ ద బేస్’ అనే సామూహిక పరుగు మొదలయింది. దాని దూరం 8.4 కిలోమీటర్లు. కొన్ని సంవత్సరాలలో పదుల వేల మంది పాల్గొన్నారు. ఎదుట నీటి మీద రంగితోతో అనే అగ్నిపర్వత ద్వీపం కనబడుతూనే ఉంటుంది. అది సుమారు 600 ఏళ్ళ క్రితం పుట్టినది, అంటే మన కాకతీయుల పతనానికి ఇటీవలిది. దారి వెంబడి పోహుతుకవా చెట్లు డిసెంబరులో మన మోదుగును తలపించే ఎరుపుతో పూస్తాయి.

దారి అంతా దాదాపు సమతలం. కొత్తగా పరుగు మొదలుపెట్టేవారికి ఇది వైద్యరీత్యా పెద్ద వరం. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో సమతలం మీద పరుగెత్తే మనిషి, అదే వేగంతో నూటికి ఐదు వంతుల వాలు ఎక్కితే శరీరానికి కావలసిన ప్రాణవాయువు సుమారు ఐదో వంతు పెరుగుతుంది. గుండెకు పని అమాంతం హెచ్చుతుంది. వాలు దిగేటప్పుడు గుండెకు సుఖమే గాని మోకాళ్ళకూ, తొడ కండరాలకూ దెబ్బ. చదును నేల మీద వేగం ఒక్కటే శ్రమను నిర్ణయిస్తుంది. వేగం మీ చేతిలో ఉంటుంది.

కాని ఆ చదును ప్రకృతి ఇచ్చినది కాదు. 1932లో ప్రారంభమైన ఈ దారి కోసం రాతికట్ట కట్టారు, కొన్ని చోట్ల తీరాన్ని నిలువునా కప్పారు. మొదట వచ్చే ముఖ్యమైన అఖాతం ఓకాహు. అక్కడ ఆగండి.

ఓకాహు న్గాతి ఫాతువా అనే మావోరీ తెగవారి ఊరు. 1840లో బ్రిటిష్ గవర్నరు హాబ్సన్‌కు ఆక్లండ్ నగరం కట్టుకోవడానికి సుమారు 3,000 ఎకరాలు ఇచ్చినవారు వీరే. ప్రతిఫలం 50 పౌండ్ల నగదు, దుప్పట్లు, బట్టలు, ఇనుప కుండలు, గొడ్డళ్ళు, కొంత చక్కెర, పిండి, పొగాకు, పొగాకు గొట్టాలు. (తరువాతి కాలంలో మావోరీలను కుంగదీసిన మధుమేహమూ, పొగాకు వ్యాధులూ తెలిసిన వైద్యునికి ఈ జాబితా చదివితే మనస్సు చివుక్కుమంటుంది.) చివరకు ఓరాకేలో మిగిలిన 700 ఎకరాలు ఎన్నటికీ అమ్మరానివని 1869లో పత్రం వ్రాసి ఇచ్చారు. ఆ మాట నిలవలేదు. ముక్కలు ముక్కలుగా ఆ నేల చేతులు మారింది.

1914 నాటికి నగరపు మురుగునీటిని తరలించే పెద్ద గొట్టాన్ని ఓకాహు ఊరికీ సముద్రానికీ నడుమ, ఇసుక మీదుగా వేశారు. శుద్ధి చేయని ఆ మురుగు సమీపంలోనే సముద్రంలో కలిసేది. ఆ ఊరివారి ఆహారంలో ఆల్చిప్పలు ముఖ్యమైనవి. ఆల్చిప్ప నీటిని వడగట్టి బ్రతికే జీవి. నీటిలో మలం ఉంటే అందులోని క్రిములను తన దేహంలో పోగుచేసుకొంటుంది. ఈ సంగతి అప్పటికి తెలియనిది కాదు. 1902లో ఇంగ్లండులో మురుగు సోకిన ఆల్చిప్పలు వడ్డించిన విందులలో టైఫాయిడ్ వ్యాపించి పలువురు మరణించారు, దానిపై అక్కడ విచారణలు కూడా జరిగాయి. అయినా పన్నెండేళ్ళకే, అదే సామ్రాజ్యంలో, ఒక ఊరి వంటగది వంటి అఖాతంలోకి నగరపు మురుగును వదిలారు.

గొట్టం నేలకు పైన గట్టులా నిలిచినందున కొండ మీదనుండి దిగే వాననీరు సముద్రంలోకి పోలేక ఊరిలో నిలిచింది. 1930లలో దారి కట్ట దానికి తోడయింది. నేల బురద అయింది, ఇళ్ళు చెమ్మగిల్లాయి. అప్పుడు అధికారులు ఆ ఊరు అపరిశుభ్రంగా ఉన్నదని, ఆరోగ్యానికి ప్రమాదమని, నగరానికి వచ్చే అతిథుల కంటికి ఇంపుగా లేదని అన్నారు. 1951–52లో మిగిలినవారిని కొండపైన ప్రభుత్వపు అద్దె ఇళ్ళకు తరలించి, సమావేశ మందిరాన్నీ, ఇళ్ళనూ తగులబెట్టారు. న్గాతి ఫాతువాకు అక్కడ మిగిలినది శ్మశానవాటిక ఒక్కటే, పావు ఎకరం. నేడు పరుగెత్తేవారికి ఎడమచేతి వైపు సముద్రం, కుడివైపు విశాలమైన పచ్చిక, దాని వెనుక ఒక చిన్న ప్రార్థనా మందిరం, సమాధులు కనబడతాయి. ఆ పచ్చికలోనే ఊరు ఉండేది.

‘అపరిశుభ్రత’ అనే మాటను నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం నివేదికలలో వ్రాశాను. ఏ బస్తీని గురించి వ్రాసినా, ఆ మురికి ఎక్కడినుండి వచ్చిందో, ఎవరి కాలువ ఎవరి గుమ్మం ముందు ఆగిందో కూడా వ్రాయనిదే ఆ నివేదిక సగమే అని నా అభిప్రాయం. పై అధికారులకు ఆ రెండో సగం అంతగా నచ్చేది కాదు.

ఓకాహు దాటగానే రోడ్డు పక్కన ఒక మత్స్యప్రదర్శనశాల ఉన్నది. పారదర్శకమైన సొరంగంలో మనం నిలబడితే తల మీదుగా సొరచేపలు ఈదుతాయి. దీనిని నిర్మించినవాడు కెల్లీ టార్ల్‌టన్ అనే గజ ఈతగాడు. 1985 జనవరిలో ప్రారంభించాడు. కొద్ది వారాలకే, 47 ఏళ్ళ వయస్సులో హఠాత్తుగా మరణించాడు. ఆ శాల ఉన్నది ఎక్కడనుకొన్నారు? వెనుకటి మురుగునీటి తొట్లలోనే. అలల పోటు తగ్గేవరకు నగరపు మురుగును నిలిపి ఉంచి, ఆపై సముద్రంలోకి వదిలిన తొట్లు అవి. పిల్లలతో వెళ్ళేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

దానికి ఎగువన ఉన్న కొండకొన బాస్టియన్ పాయింట్, మావోరీ పేరు తకపరఫౌ. మిగిలిన నేలలో ఖరీదైన ఇళ్ళు కట్టించాలని ప్రభుత్వం తలపెట్టగా, 1977 జనవరి 5న జో హాక్ నాయకత్వంలో న్గాతి ఫాతువా వారు అక్కడ గుడారాలు వేసి కూర్చొన్నారు. 506 రోజులు కదలలేదు. 1978 మే 25న పోలీసులు, సైన్యం వచ్చి 222 మందిని నిర్బంధించారు. వారు ప్రతిఘటించలేదు. తరువాత వైతాంగి ట్రిబ్యునల్ విచారణ జరిపి 1987లో వారి పక్షాన నివేదిక ఇచ్చింది. నేల వారికి తిరిగి వచ్చింది. నేడు మీరు ఆ పచ్చిక మీద పరుగెత్తితే వారి అతిథులు.

అదే కొండకొన మీద మైకేల్ జోసెఫ్ సావేజ్ సమాధి, స్మారక స్తంభం ఉన్నాయి. దారి నుండి అక్కడికి ఎక్కుడు ఉన్నది. గుండెజబ్బు ఉన్నవారు నడిచే ఎక్కండి. సావేజ్ 1935లో న్యూజీలాండ్ మొదటి లేబర్ ప్రధాని అయ్యాడు. 1938లో ఆయన ప్రభుత్వం తెచ్చిన సాంఘిక భద్రతా చట్టం వలన ప్రభుత్వాసుపత్రులలో ఉచిత చికిత్స ప్రజల హక్కు అయింది. దానిని గట్టిగా ఎదిరించినవారిలో వైద్యుల సంఘం ముందుండేది. ప్రభుత్వ వైద్యునిగా జీవితం గడిపిన నాకు ఇది చదవడానికి కొంత సిగ్గుగానే ఉంటుంది. ఆ సంవత్సరమే ఆయనకు పెద్దపేగు క్యాన్సరు బయటపడి శస్త్రచికిత్స చేయించుకొమ్మని సలహా ఇస్తే, చట్టమూ, ఎన్నికలూ ముందున్నాయని వాయిదా వేశాడు. 1939లో శస్త్రచికిత్స జరిగింది, 1940 మార్చిలో మరణించాడు. కోట్ల రూపాయలకు సరితూగే చట్టాన్ని దేశానికి ఇచ్చిన మనిషి తన పేగుకు కొన్ని వారాలు ఇవ్వలేదు. మలంలో రక్తం కనబడినప్పుడు ‘మొలలే కదా, పెళ్ళి కానీ, పంట కోత కానీ, తరువాత చూద్దాం’ అనే పాఠకులు ఎవరైనా ఉంటే ఆ వాయిదా ఖరీదు ఇక్కడ చూడవచ్చు.

తరువాతి తీరం మిషన్ బే. 1859 ప్రాంతంలో రంగితోతో నల్లరాతితో కట్టిన మిషన్ భవనం ఇప్పటికీ నిలిచి ఉన్నది. పసిఫిక్ ద్వీపాల నుండి బాలురను తెచ్చి అక్కడ చదువు చెప్పేవారు. ఆ వెచ్చని ద్వీపాల పిల్లలకు ఆక్లండ్ చలి పడలేదు. 1863లో రక్తవిరేచనాలు వ్యాపించి కొందరు మరణించారు. 1867లో పాఠశాలను వెచ్చనైన నార్‌ఫోక్ ద్వీపానికి మార్చారు. మిషన్ బే నుండి కోహిమరామ మీదుగా సెయింట్ హెలియర్స్ వరకు దారి హాయిగా సాగుతుంది. అక్కడ చెప్పదగినది కాఫీ దుకాణాలు, మంచినీటి కుళాయిలు.

ఎంత పరుగెత్తాలి? మెల్లపరుగు వేగం గంటకు 7 కిలోమీటర్లు అనుకొంటే, ఈ 8.4 కిలోమీటర్లకు గంటా పన్నెండు నిమిషాలు పడుతుంది. కోపెన్‌హాగెన్ నగరంలో చాలా ఏళ్ళు సాగిన ఒక అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. వారానికి ఒక గంట నుండి రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాల వరకు, రెండు మూడు పర్యాయాలుగా, మెల్లగా పరుగెత్తినవారిలో మరణాలు అన్నిటికంటే తక్కువ. కనుక వారానికి రెండుసార్లు ఈ దారి చాలు. ఎక్కువ పరుగెత్తితే మృత్యువు రాదనుకోకండి. జాగింగ్‌కు అమెరికాలో గొప్ప ప్రచారకుడైన జిమ్ ఫిక్స్ 1984లో, 52 ఏళ్ళకు, పరుగు మధ్యలోనే గుండెపోటుతో పోయాడు. ఆయన తండ్రికి 35వ ఏటనే మొదటి గుండెపోటు వచ్చింది. పరుగు రక్తపుపోటునూ, కొవ్వులనూ కొంత తగ్గిస్తుంది గాని, వంశంలో వచ్చిన జబ్బును చూడవలసింది వైద్యుడే.

ఆక్లండ్‌లోనూ, ఇతర దేశాలలోనూ ఉన్న మన తెలుగువారు ఇది మరింత గట్టిగా పట్టించుకోవాలి. దక్షిణాసియా వారికి గుండెపోటు ఇతరుల కంటే ఐదారేళ్ళు ముందుగా వస్తున్నట్లు ఎన్నో దేశాలలో జరిగిన పరిశీలనలో తేలింది. న్యూజీలాండ్ 2018 మార్గదర్శకాలు సామాన్య పురుషులకు 45వ ఏట, స్త్రీలకు 55వ ఏట హృద్రోగ అవకాశాన్ని అంచనా వేయాలని చెప్పగా, మావోరీ, పసిఫిక్ ద్వీపవాసులతో పాటు మన దక్షిణాసియా వారికి పురుషులైతే 30, స్త్రీలైతే 40 ఏళ్ళకే మొదలుపెట్టాలని చెప్పాయి. పరుగెత్తేటప్పుడు రొమ్ములో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, అలవాటు లేని ఆయాసం కలిగితే అక్కడే ఆగి వైద్యుని చూడండి. ఏళ్ళుగా కదలనివారు మొదట నాలుగు వారాలు నడిచి, తరువాత నడక నడుమ ఒక్కొక్క నిమిషం పరుగు చేర్చండి.

పరుగు ముగించి చెమటతో సముద్రంలో దిగాలని ఎవరికైనా అనిపిస్తుంది. పాత ఆక్లండ్‌లో వాననీరూ మురుగూ ఒకే గొట్టంలో పారే చోట్లు ఇంకా ఉన్నందున, పెద్ద వాన కురిసినప్పుడు అవి పొంగి తీరంలో కలుస్తాయి. నీరు ఈతకు తగునో తగదో నగరపాలకులు ప్రతిరోజు ప్రకటిస్తారు. దిగే ముందు అది చూచుకోండి. ఓకాహు అఖాతంలో న్గాతి ఫాతువా వారు ఆల్చిప్పలను మళ్ళీ నాటి పెంచుతున్నారు.